కరిగిన ముంత, కదిలిన పేచీ

గుంటూరు శివారులోని ఒక ఊరి చెరువు దగ్గర మళ్ళీ రచ్చ మొదలైంది. స్టూడియో కుండల కళాకారిణి ఒకరు మన్ను తీయిస్తుంటే కుమ్మరి కుల పెద్దలు అడ్డుకున్నారు. ఆమె వాళ్ళింటి ఆడపడుచే. విజయవాడలో స్టూడియో, ప్రదర్శనలు, వేలల్లో పలికే కప్పులు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఈ పేచీ అసలు పుట్టింది ఒక ముంత పాడైన రోజున.

పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టినప్పటి నుంచీ స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడేలా కాల్చే పాత్రల పని, నేర్చుకునేవాళ్ళకు ఆ ఊరే దారి. ఈమె కూడా అక్కడే పని నేర్చుకుంది. తిరిగొచ్చిన కొత్తలో ఊరి మన్నుతో ఆమెకు అవసరమే లేదు, తెల్లమన్ను బస్తాల్లో వచ్చేది. తండ్రి కుండలు కాల్చే ఆవంలో వేడి 900 డిగ్రీలు దాటడం అరుదు. చెరువు మన్నుకు అది సరిపోతుంది. ఎర్రగా కాలి, నీళ్ళు చెమర్చి చల్లబరిచే కుండ అవుతుంది. స్టోన్‌వేర్‌కు 1200 పైనే కావాలి. ఏమవుతుందో చూద్దామని తండ్రి చేసిన ముంతను తన గ్యాస్ బట్టీలో పెట్టింది. ముంత కూలి, కరిగి, పలకకు అతుక్కుపోయింది. మిగిలింది నల్లగా, గాజులా మెరిసే మరక. ఇనుము ఎక్కువున్న మన్ను ఆ వేడికి అలాగే అవుతుంది. అదే మన్నును నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, కప్పులకు పూతగా వేసింది. ఇవాళ కొనేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది ఆ పూత కోసమే.

కుల సంఘం మాట ఒక్కటే: చెరువు మన్ను సారె (కుమ్మరి చక్రం) తిప్పేవాడి హక్కు. ఇంట్లో ఆడవాళ్ళు మన్ను తొక్కారు, కుండలు ఆరబెట్టారు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మారు, సారె మాత్రం ముట్టలేదు. ఆమె కూర్చున్నది మోటారు సారె ముందు. దానికి ఆ అంటు ఎవరూ పెట్టలేదు మరి.

చట్టం దగ్గరికి వస్తే, 2016 జనవరి 15 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కుమ్మరులు తమ ఆచారం మేరకు కుండలకు, దీపాలకు, బొమ్మలకు చేత్తో తీసుకునే మామూలు మన్నుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. రోడ్లు, పైపులైన్ల కోసం మట్టి తవ్వుకునే మినహాయింపును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, కుమ్మరుల జోలికి మాత్రం పోలేదు. పెద్దలు ‘ఆచారం’ అన్న మాట పట్టుకున్నారు. ఆమె ‘చేత్తో’ అన్న మాట పట్టుకుంది. తట్టలు, పార తప్ప ట్రాక్టరు ఎప్పుడూ తేలేదు. కుమ్మరి అంటే మగవాడేనని ఆ నోటిఫికేషన్‌లో ఎక్కడా లేదు.

పెద్దల మాటల్లో నాకు బరువుగా తోచింది ఒకటే. రేపు ఆ పూతమన్నును పొట్లాలు కట్టి బయటివాళ్ళకు అమ్మితే ఎవరు ఆపుతారని వాళ్ళడుగుతున్నారు. దానికి ఆమె ఇంకా జవాబివ్వలేదు. తండ్రి మాత్రం ఈసారి పెళ్ళిళ్ళకూ అదే చెరువు మన్నుతో అరివేణి కుండలు చేస్తున్నాడు.