వైద్య విద్యార్థుల బర్నౌట్: అపోహలు, వాస్తవాలు

నేను కర్నూలులో మానసిక వైద్యం చేస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు వైపు రోగులంతా బస్సుల వేళకు వెళ్లిపోయాక, ఓపీ మూసే సమయానికి తెల్ల కోటు సంచిలో దాచుకుని వైద్య విద్యార్థులు వస్తుంటారు. చీటీ మీద పేరు రాయించుకోవడానికీ వెనకాడతారు. వాళ్ల నోటా వాళ్ల అమ్మానాన్నల నోటా తరచూ వినే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: నీట్‌లో ర్యాంకు తెచ్చుకున్నవాడు ఇప్పుడు పుస్తకం తెరవడం లేదంటే అది బద్ధకమే.

వాస్తవం: చదువు ఎగ్గొట్టి హాయిగా తిరిగేవాడు నా దగ్గరికి రాడు. వచ్చేవాళ్లు చదవలేకపోతున్నందుకు కుమిలిపోతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ బర్నౌట్‌ను వ్యాధుల్లో చేర్చలేదు, పని వల్ల కలిగే స్థితిగా గుర్తించింది. సత్తువ హరించుకుపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ సాధించలేదనిపించడం దాని లక్షణాలు. నిర్వచనం ఉద్యోగులను ఉద్దేశించినదే అయినా వార్డు పోస్టింగుల్లో నలిగే విద్యార్థుల్లోనూ ఈ మూడూ చూస్తున్నాను.

మన దగ్గర దీనికి ఇంకో మూలం ఉంది. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో లేవడం, తినడం, చదవడం అన్నీ గంట కొడితేనే. ఆపైన లాంగ్‌టర్మ్ కోచింగ్. ఎంబీబీఎస్‌లో చేరాక ఆ గంట వినిపించదు. ఇన్నాళ్లూ తనను చదివించింది వార్డెన్ అన్న సంగతి పిల్లవాడికి అనాటమీ పుస్తకం ముందు కూర్చున్నాక తెలుస్తుంది. సొంతంగా చదువుకోవడం ఎవరూ నేర్పలేదు, ఇప్పుడు రాలేదని తిట్టడం ఏం న్యాయం?

అపోహ: నాలుగు రోజులు ఇంటికి వెళ్లొస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: కొందరికి నిజంగానే సర్దుకుంటుంది. అందుకే ఇంట్లో ఎలా ఉన్నారని తప్పకుండా అడుగుతాను. అమ్మ చేసిన ఉగ్గాని రుచిగా అనిపించి, నిద్ర పట్టి, హాస్టల్ గేటు చూడగానే మళ్లీ గుండె బరువెక్కితే బర్నౌట్ అని అనుమానిస్తాను. ఇంట్లోనూ దేని మీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి చెడి, రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డిప్రెషన్ కావచ్చు. దానికి సెలవు సరిపోదు, చికిత్స కావాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టర్‌ను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 కూడా చూస్తాను. ‘మోటివేషన్ లేదు’ అంటూ వచ్చే అమ్మాయిల్లో కొందరికి ఉన్నది రక్తహీనత.

అపోహ: ముందు ఇష్టం పుట్టాలి, తర్వాత చదువు దానంతట అదే సాగుతుంది.

వాస్తవం: ఇష్టం కోసం ఎదురుచూస్తూ ఫోను పట్టుకుంటే సాయంత్రం గడిచిపోతుంది. చిన్న పనితో మొదలుపెడితే ఉత్సాహం వెనకాల వస్తుంది. డిప్రెషన్ చికిత్సలోనూ ఈ సూత్రాన్ని వాడతాం. వార్డులో ఒక్క రోగితో తీరిగ్గా మాట్లాడి, ఆ రాత్రి ఆ జబ్బు ఒక్కటే చదవమంటాను. పుస్తకం మూసి గుర్తున్నంత రాయమంటాను. మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా గుర్తుచేసుకుంటే వారం తర్వాత ఎక్కువ మిగులుతుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది.

అపోహ: నిద్ర పట్టకపోతే సీనియర్ చెప్పిన మాత్ర చాలు.

వాస్తవం: ఆ మాత్ర చాలాసార్లు ఆల్‌ప్రజోలం. చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు అది. అలవాటవుతుంది, కొన్నాళ్లు వాడి హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఫార్మకాలజీ చదివినవాళ్లకు ఇది చెప్పాల్సి రావడమే విచిత్రం.

అపోహ: సైకియాట్రీ ఓపీకి వెళ్తే కాలేజీకి తెలిసిపోతుంది, రేపు డాక్టర్‌గా రిజిస్ట్రేషన్ రాదు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులు తప్ప మీ అనుమతి లేనిదే ప్రిన్సిపాల్‌కు ఏమీ చెప్పకూడదు. డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగదు.

అపోహ: కాలేజీలో యోగా తరగతి పెడితే బర్నౌట్ తగ్గుతుంది.

వాస్తవం: యోగాతో నాకు పేచీ లేదు. ముప్పై ఆరు గంటలు క్యాజువాలిటీలో నిలబడ్డ పీజీకి ప్రాణాయామం నేర్పడంతోనే పేచీ. రెసిడెంట్ల, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ చదివే ఇలాంటి డాక్టర్ల, ఏకధాటి డ్యూటీ మామూలుగా పన్నెండు గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. 2023 పీజీ నిబంధనలు కూడా వారానికి ఒక సెలవు, తగిన విశ్రాంతి ఉండాలంటున్నాయి. అందుకే పీజీలు వస్తే మందుచీటీ తీసే ముందు ఈ నెల డ్యూటీ పట్టిక చూపించమంటాను. కొన్ని పట్టికలు చూశాక, వాళ్ల అనుమతితో, విభాగాధిపతికి ఫోను చేస్తాను. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్న చోట మాత్రం వారానికి ఒక రాత్రి డ్యూటీ తగ్గుతుంది.