ఉత్తరం ముందా, అచ్చు ముందా?

జర్నల్లో వ్యాసం అచ్చయ్యే దాకా ఆగకుండా ముందుగా ప్రీప్రింట్, అంటే ఇంకా అచ్చుకాని వ్యాసం ప్రతి, ఆన్‌లైన్‌లో పెట్టేయడం ఇప్పుడు పరిశోధకులకు మామూలైపోయింది. ఆగితే ఈలోగా మరొకరు అదే సంగతి ప్రకటించేస్తారేమోనని భయం. తగువు వచ్చినప్పుడు ఒకరు పాత ఈమెయిల్ తీసి తేదీ చూపిస్తారు, మరొకరు అచ్చయిన సంచిక చూపిస్తారు. కనిపెట్టడం అంటే చూడటమా, చెప్పడమా, అచ్చు వేయడమా?

ఈ ప్రశ్న పాతదే. అది బాగా ముదిరిన చోటు ఒకటి చెప్పమంటే నేను పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోని అమెరికా భూగర్భ శాస్త్రవేత్తల పేరు చెబుతాను. వాళ్ళకు రాళ్ళకు కొదవ లేదు. పత్రికకే కొదవ. కాబట్టి శాస్త్రమంతా ఉత్తరాల్లో నడిచింది. తర్వాత వచ్చిన పత్రిక కూడా ఆ ఉత్తరాలతోనే నిండింది. స్నేహితుడికి రాసిన ఉత్తరం ఎక్కడ ఆగుతుందో, ప్రకటన ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ సరిగా తెలియకపోవడంతోనే గొడవలన్నీ వచ్చాయి.

ముందు పత్రిక సంగతి. 1802లో యేల్ కాలేజీ అధ్యక్షుడు టిమతీ డ్వైట్ న్యాయశాస్త్రం చదువుకుంటున్న బెంజమిన్ సిల్లిమన్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రవాణ్ణి పిలిచి రసాయన శాస్త్రానికీ ప్రకృతి శాస్త్రానికీ ప్రొఫెసరుగా వేశాడు. ఆ సబ్జెక్టులు సిల్లిమన్‌కి రావు. నేర్చుకుని వచ్చి చెప్పాలి, అదీ ఒప్పందం. కాలేజీలో ఉన్న ఖనిజాలకు పేర్లు చెప్పగలవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వాటన్నిటినీ ఒక చిన్న కొవ్వొత్తుల పెట్టెలో సర్దుకుని ఫిలడెల్ఫియా వెళ్ళి, ఆడమ్ సీబర్ట్ అనే వైద్యుడి చేత గుర్తుపట్టించుకుని వచ్చాడు. ఒక కాలేజీ ఖనిజ సంపద మొత్తం కొవ్వొత్తుల పెట్టెలో పట్టిందంటే అప్పటి పరిస్థితి ఊహించుకోవచ్చు.

న్యూయార్క్‌లో ఆర్చిబాల్డ్ బ్రూస్ 1810లో ఖనిజ శాస్త్రానికంటూ ఒక పత్రిక మొదలుపెట్టాడు. నాలుగు సంచికలు, ఒకే ఒక్క సంపుటం. 1814కల్లా ఆగిపోయింది. 1817 చివర్లో లాంగ్ ఐలాండ్ జలసంధిలో ఒక ఆవిరి పడవ మీద కర్నల్ జార్జ్ గిబ్స్ సిల్లిమన్‌ను పట్టుకుని, ఇక నువ్వే పత్రిక పెట్టాలన్నాడు. గిబ్స్ ఖనిజాల సేకరణే యేల్‌లో ప్రదర్శనకు ఉండేది, కాబట్టి ఆ మాటకు బరువుంది. సిల్లిమన్ వెళ్ళి బ్రూస్ సమ్మతి కూడా అడిగాడు. బ్రూస్ సరేనన్నాడు, తర్వాత కొన్ని నెలలకే పోయాడు. 1818 జులైలో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్' మొదటి సంచిక వచ్చింది. అందరూ దాన్ని 'సిల్లిమన్ జర్నల్' అనే అన్నారు. ఇప్పటికీ నడుస్తోంది.

నడిచిందంటే సుఖంగా నడిచిందని కాదు. డబ్బు కట్టే చందాదారులు ఎన్నడూ వెయ్యికి చేరలేదని, చాలా ఏళ్ళు ఆరు ఏడు వందల మధ్యే ఊగిసలాడారని సిల్లిమనే తర్వాత రాసుకున్నాడు. నష్టం భరించింది సంపాదకుడే. వ్యాసాలకు పారితోషికం మాట అటుంచి, అసలు వ్యాసాలు రావడమే కష్టం. అప్పుడు పనికొచ్చినవి ఉత్తరాలు. మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్, న్యూయార్క్‌లో ఏమస్ ఈటన్, ఊరూరా డాక్టర్లు, పాస్టర్లు, సర్వేయర్లు తమ చుట్టుపక్కల రాళ్ళ గురించి సిల్లిమన్‌కు రాసేవారు. వాటిలోంచి ముక్కలు తీసి 'సంపాదకుడికి వచ్చిన ఉత్తరం నుంచి' అంటూ అచ్చువేసేవాడు. రాసినవాడికి అది కొన్నిసార్లు ఆనందం, కొన్నిసార్లు ఇబ్బంది. ఊహగా రాసిన మాట అచ్చులో నిర్ధారణ అయి కూర్చునేది.

ఈటన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈయన లాయరు, భూముల ఏజెంటు. 1811లో ఫోర్జరీ కేసులో యావజ్జీవ శిక్ష పడింది. న్యూయార్క్ జైల్లో ఉండగా జైలు ఉద్యోగి కొడుక్కి వృక్షశాస్త్రం నేర్పాడు. ఆ పిల్లవాడు జాన్ టోరీ తర్వాత అమెరికాలో పేరుమోసిన వృక్షశాస్త్రవేత్త అయ్యాడు. 1815లో విడుదలైన ఈటన్ నేరుగా యేల్‌కి వెళ్ళి సిల్లిమన్ దగ్గర చదువుకున్నాడు, 1818లో ఉత్తరాది రాష్ట్రాల భూగర్భం మీద సొంత పుస్తకం వేశాడు. తొలితరం అమెరికా శాస్త్రజ్ఞులంతా పెద్దమనుషులనుకునేవాళ్ళు ఈయన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఉత్తరం రాయడం కూడా చవకైన పని కాదు. 1845కు ముందు అమెరికాలో తపాలా ఖర్చును దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ లెక్కించేవారు. ఒక్క కాగితానికి ముప్ఫై మైళ్ళ లోపు 6 సెంట్లు, నాలుగు వందల మైళ్ళు దాటితే 25. రెండో కాగితం పెడితే ఖర్చు రెట్టింపు. పైగా ఎక్కువసార్లు కట్టేది అందుకున్నవాడే. రోజు కూలీ డాలరుకు లోపే ఉన్న కాలమది. పత్రిక సంపాదకుడికి రోజూ నాలుగు ఉత్తరాలు వస్తే ఆ బరువు ఎవరి మీద? అందుకే ఎవరైనా అటు ప్రయాణమైతే చాలు, ఉత్తరమూ రాళ్ళ మూటా వాళ్ళ చేతికిచ్చి పంపేవారు. మూట చేరిన తేదీకి ముద్ర ఉండదు, సాక్ష్యం ఉండదు. తర్వాత తగువులో అది పనికిరాదు.

ఇక అసలు తగువు. 1835 వసంతంలో మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో కాలిబాటకు ఇసుకరాతి పలకలు పరుస్తుంటే వాటి మీద మూడు వేళ్ళ అడుగుల గుర్తులు కనిపించాయి. ఊళ్ళో డాక్టర్ జేమ్స్ డీన్ వాటిని చూసి, ఇవి టర్కీ కోడి లాంటి ఏదో పక్షి అడుగులంటూ ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ప్రొఫెసరైన హిచ్‌కాక్‌కు ఉత్తరం రాశాడు. హిచ్‌కాక్ వెంటనే నమ్మలేదు. రాళ్ళలో అలాంటి ఆకారాలు కాకతాళీయంగానూ వస్తాయని ఆయన అనుమానం. డీన్ ఊరుకోకుండా ఆ గుర్తులకు మూస పోసి పంపాడు, సిల్లిమన్‌కూ రాశాడు. అప్పుడు హిచ్‌కాక్ కదిలాడు. ఆ వేసవంతా కనెటికట్ నది లోయలో క్వారీలు తిరిగాడు. 1836 జనవరి సంచికలో ఏడు రకాల అడుగులకు పేర్లు పెట్టి పెద్ద వ్యాసం అచ్చువేశాడు. డీన్ పేరు అందులో ఉంది, మొదట తెలియజేసిన వ్యక్తిగా. కనిపెట్టినవాడిగా కాదు.

చాలామంది నమ్మలేదు. పదిహేను అంగుళాల పక్షి పాదమా అని నవ్వారు. భూగర్భ శాస్త్రవేత్తల సంఘం ఒక కమిటీ వేసింది. హిచ్‌కాక్ చెప్పింది నిజమేనని 1841లో ఆ కమిటీ తేల్చింది. ఈలోగా న్యూజిలాండ్‌లో మోవా అనే మహా పక్షి ఎముకల కబురు వచ్చింది. నవ్వు ఆగి గౌరవం మొదలైంది. గౌరవం మొదలయ్యాకే డీన్‌కు బాధ మొదలైంది. 1843లో ఆయన తన సొంత వ్యాసాలు వేయడం మొదలుపెట్టాడు, లండన్‌లో శిలాజాల నిపుణుడు గిడియన్ మాంటెల్‌కు రాళ్ళు పంపాడు. 1844లో సిల్లిమన్ జర్నల్లో డీన్ వాదన, దాని వెనుకే హిచ్‌కాక్ జవాబు, పక్కపక్కనే అచ్చయ్యాయి.

ఇద్దరి వాదనా సారం ఇది. అవి అడుగులని గుర్తుపట్టి, నమ్మనివాణ్ణి నమ్మించింది నేను, ఉత్తరాలున్నాయి చూడండి అంటాడు డీన్. గుర్తుపట్టడం వేరు, శాస్త్రంగా నిలబెట్టడం వేరు, ఆ పని చేసింది నేను అంటాడు హిచ్‌కాక్. నాకైతే డీన్ మీదే మనసు పోతుంది. అయినా హిచ్‌కాక్ మాటను తోసెయ్యలేను. ఎందుకంటే వీళ్ళిద్దరి కంటే ముందే, 1802లో, సౌత్ హాడ్లీలో ప్లైనీ మూడీ అనే రైతు కుర్రవాడు దున్నుతుంటే అలాంటి రాయే ఒకటి బయటపడింది. ఇంటి ముందు మెట్టుగా వేసుకున్నారు. బైబిల్ కథలో నోవా ఓడ నుంచి వదిలిన కాకి అడుగులని ఊరివాళ్ళు సరదాగా చెప్పుకున్నారు. చూడటమే కనిపెట్టడమైతే ఆ పేరు మూడీకి పోవాలి. మూడీ ఎవరికీ ఉత్తరం రాయలేదు.

సిల్లిమన్‌కు హిచ్‌కాక్ పాత స్నేహితుడు, పత్రిక మొదటి సంపుటంలోనే వ్యాసం రాసినవాడు. అయినా డీన్‌కు చోటిచ్చాడు. సంపాదకుడిగా ఆయన చేసిన పెద్ద పని ఇదేనంటాను. ఇక ఆ అడుగులు పక్షులవి కావు, డైనోసార్లవి. డైనోసార్ అనే పేరునే లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త పుట్టించింది 1842లో. పక్షులవని నమ్మిన ఇద్దరిలో డీన్ 1858లో పోయాడు, హిచ్‌కాక్ 1864లో.

ఇంకో తగువు గవ్వల మీద. అలబామాలో క్లెయిబోర్న్ అనే చోట నది ఒడ్డున పురాతన గవ్వల దొంతరలున్నాయి. అక్కడి జడ్జి చార్లెస్ టేట్ వాటిని ఫిలడెల్ఫియాలో ఐజక్ లీకి పంపాడు. ఫిలడెల్ఫియాకే చెందిన టిమతీ కాన్‌రాడ్ 1833లో స్వయంగా వెళ్ళి టేట్ ఇంట్లో ఉండి ఏరుకున్నాడు. ఒకే గవ్వకు రెండు పేర్లు. ఎవరి పేరు నిలవాలి? ముందు అచ్చయినవారిది. లీ పెద్ద ప్రచురణ సంస్థలో భాగస్వామి. కాన్‌రాడ్ బొమ్మలు తనే గీసుకుని, చందాలు పోగుచేసుకుని, పల్చటి భాగాలుగా వేసుకునే మనిషి. అచ్చు యంత్రం ఎవరి చేతిలో ఉందో అదీ సైన్సులో భాగమే అయింది. ఆ పల్చటి భాగాలు ఏ నెలలో బయటికొచ్చాయన్న వాదన వాళ్ళిద్దరి తర్వాత కూడా నడిచింది.

1830ల్లో రాష్ట్ర ప్రభుత్వాలు భూగర్భ సర్వేలు మొదలుపెట్టాయి. డబ్బు వచ్చింది, దానితో కొత్త చిక్కూ వచ్చింది. ఒక రాష్ట్రంలో ఒక పేరున్న రాతి వరుసే సరిహద్దు దాటితే మరో పేరు. పెన్సిల్వేనియాలో హెన్రీ డార్విన్ రోజర్స్ వాటికి అంకెలు వేసుకున్నాడు. న్యూయార్క్ వాళ్ళు ఊళ్ళ పేర్లు పెట్టారు: పోట్స్‌డామ్, ట్రెంటన్, నయాగరా. (ఊరి పేరు పెట్టే ఈ పద్ధతే నిలిచింది. మన కడప, కర్నూలు రాతి వరుసలకు 1872లో విలియం కింగ్ వివరణ రాసినప్పుడూ ఊళ్ళ పేర్లే.) ఉత్తరాల్లో ఇది తేలే వ్యవహారం కాదని 1840 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో పద్ధెనిమిది మంది కూర్చుని సంఘం పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు హిచ్‌కాక్. 1848లో అదే అమెరికా శాస్త్రజ్ఞులందరి సంఘంగా మారింది.

సంఘం పెట్టిన మరుసటేడు, 1841లో, ఇంగ్లండ్ నుంచి భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లైల్ వచ్చాడు. అప్పటికి ఆయనది ప్రపంచ ఖ్యాతి. న్యూయార్క్ సర్వేలో ఉన్న జేమ్స్ హాల్ ఆయన్ని వెంటబెట్టుకుని నయాగరా దాకా రాళ్ళన్నీ చూపించాడు. హాల్ తుది నివేదిక ఇంకా అచ్చు కాలేదు, అది 1843లో గాని రాలేదు. లైల్ చూస్తే చకచకా రాసేవాడు, లండన్‌లో అచ్చు ఎప్పుడూ సిద్ధమే. మా కష్టాన్ని అతిథి పట్టుకుపోతున్నాడంటూ బోస్టన్ పత్రికలో పేరు పెట్టని ఉత్తరం ఒకటి వచ్చింది. ఆతిథ్యానికి దొంగతనం కట్టినట్టయింది. లైల్ తన పుస్తకంలో అమెరికన్ల పేర్లు చెప్పాడు, కాబట్టి ఆ నింద నిలవలేదు. కానీ భయం అర్థంలేనిది కాదు. శాసనసభ డబ్బిచ్చేదాకా వీళ్ళ పని సొరుగులో ఉండాల్సిందే మరి.

అదే హాల్ పదేళ్ళ తర్వాత కోర్టు మెట్లెక్కాడు. జేమ్స్ ఫోస్టర్ అనే బడిపంతులు బడుల కోసం ఒక భూగర్భ చార్టు అచ్చువేశాడు. పోట్స్‌డామ్ కంటే కింద ఇంకా పాత రాతి వరుస ఉందంటూ ఎబెనెజర్ ఎమన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రతిపాదించిన 'టకోనిక్' వరుస అందులో ఉంది. హాల్‌కు ఆ సిద్ధాంతమంటే గిట్టదు. చార్టు తప్పులతడక అని హాల్, హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగస్సీ పత్రికలకెక్కారు. ఫోస్టర్ పరువునష్టం దావా వేశాడు. 1851లో ఆల్బనీ కోర్టులో శాస్త్రవేత్తలు సాక్షుల బోనెక్కి ఏ రాయి ఏ రాయి కింద ఉందో జ్యూరీకి చెప్పారు. ఫోస్టర్ ఓడిపోయాడు. అతని తరఫున సాక్ష్యం చెప్పిన ఎమన్స్ ఉత్తర కరోలినాకు వెళ్ళిపోయి అక్కడి సర్వే పని చూసుకున్నాడు.

అన్నిటికంటే నెమ్మదిగా నడిచిన కథ రోజర్స్ సోదరులది. విలియం బార్టన్ రోజర్స్ 1835 నుంచి వర్జీనియా సర్వే, తమ్ముడు హెన్రీ 1836 నుంచి పెన్సిల్వేనియా సర్వే చూశారు. ఒకే పర్వత శ్రేణిని రెండు వైపుల నుంచి చూస్తూ ఇద్దరూ ఉత్తరాల్లో ఆలోచించారు. అపలేచియన్ కొండలు ఎలా ముడతలు పడ్డాయో 1842లో బోస్టన్ సభలో కలిసి చెప్పారు. ఆ ఏడాదికే రెండు సర్వేలకూ డబ్బు ఆగిపోయింది. హెన్రీ తుది నివేదిక రెండు సంపుటాలుగా 1858లో వచ్చింది, అదీ అచ్చయింది ఎడిన్‌బరోలో. అప్పటికి ఆయన గ్లాస్గోలో ప్రొఫెసరు. విలియం బోస్టన్ చేరి ఎం.ఐ.టి. స్థాపించాడు. వర్జీనియా తుది నివేదిక మాత్రం రానేలేదు. 1882 మే 30న ఎం.ఐ.టి. స్నాతకోత్సవ వేదిక మీద మాట్లాడుతూ ఆయన కుప్పకూలి చనిపోయాడు. రెండేళ్ళకు, నలభై ఏళ్ళ నాటి ఆ వార్షిక నివేదికలన్నీ ఒక్క పుస్తకంగా మళ్ళీ అచ్చయ్యాయి. ఆయన భార్య ఎమ్మా రోజర్స్ వేయించింది. అన్నదమ్ముల ఉత్తరాలు కూడా ఆవిడే పోగుచేసి 1896లో బయటపెట్టింది.