వంద గ్రాముల మేత, 2,300 లీటర్ల నీళ్లు

పెద్ద చేపలకు ఇంట్లో తొట్టి కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది అద్దం ఎంత మందం ఉండాలని. ఆ లెక్క ఒకసారి వేస్తే అయిపోతుంది. రోజూ వెంటాడేది మేత లెక్క. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు ‘షార్కు’ పేరుతో అమ్మే పిల్ల నిజానికి పంగాసియస్ అనే జెల్ల జాతి చేప. మీటరు దాటి పెరుగుతుంది. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా అంతే. వాటికి ఇక్కడ చెప్పే తొట్టి కూడా ఇరుకే. చేప వంగకుండా వెనక్కి తిరగాలంటే తొట్టి వెడల్పు దాని పూర్తి పొడవును మించాలి. 30 సెంటీమీటర్ల ఆస్కార్ చేపలకు, మన కొర్రమీనుకు 4 అడుగుల వెడల్పు హాయిగా సరిపోతుంది.

కొలతలు ఇలా అనుకుందాం: లోపల పొడవు 240, వెడల్పు 120, గోడ ఎత్తు 95, నీటి లోతు 80 సెంటీమీటర్లు. అంటే సుమారు 2,300 లీటర్లు. నీటి బరువే చదరపు మీటరుకు 800 కిలోలు పడుతుంది. మామూలు ఇంటి స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల అదనపు బరువుకు లెక్కగట్టి వేస్తారు. కాబట్టి మేడ మీద ఆలోచనే వద్దు. కాంక్రీటుతో కలిపితే మొత్తం అయిదున్నర టన్నులు దాటుతుంది. ఎర్ర చెలక నేలైతే బాగా దిమ్మిస వేస్తే చాలు. నల్లరేగడి అయితే రెండు మూడు అడుగులు తవ్వి తీసేసి మొరం నింపాలి. రేగడి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. ఆ కదలికకు ముందు పగిలేది అద్దమే.

నాలుగు వైపులా అద్దం పెట్టడం డబ్బు దండగ. మూడు వైపులా కాంక్రీటు, ముందు గోడలో కిటికీ, ఆ కిటికీకి అద్దం. ఈ పద్ధతి మన మేస్త్రీలకు సంపు కట్టినంత తేలిక. 60 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె, దాని మీద 15 సెంటీమీటర్ల అడుగు స్లాబు, 12.5 సెంటీమీటర్ల గోడలు. సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1½:3. గోడలకు 8 మిల్లీమీటర్ల సలాకలు నిలువుగా, అడ్డంగా 15 సెంటీమీటర్లకొకటి. అడుగు స్లాబు సలాకలనే వంచి గోడలోకి లేపాలి, విడిగా నిలబెట్టకూడదు. కిటికీ నాలుగు మూలల్లో ఏటవాలుగా తలా ఒక సలాక ముక్క వేయమని మేస్త్రీకి గట్టిగా చెప్పాలి. చీలిక ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

తొట్టి వెనక్కి ఎంత వెడల్పుంటే అద్దం మీద అంత ఒత్తిడి పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఒత్తిడికి లోతుతోనే సంబంధం. చెరువు కట్టను కింద వెడల్పుగా, పైన సన్నగా పోసేది ఇందుకే. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నిలబడితే కింద నీరు ఎంత దూరం పరుచుకుందన్నది కట్టకు పట్టదు, ఎంత లోతుందన్నదే పడుతుంది. మన తొట్టి ముందు గోడ మొత్తం మీద 80 సెంటీమీటర్ల నీరు తోసే బలం 768 కిలోలు. 40 సెంటీమీటర్లే నింపితే అది 192 కిలోలు. లోతు సగమైతే తోపు పావు వంతు అవుతుంది. అందుకే మొదటిసారి నింపేటప్పుడు రోజుకు 20 సెంటీమీటర్ల చొప్పున నింపి, ప్రతి పొద్దున అంచులు తడిమి చూడాలి.

కిటికీ 180 × 60 సెంటీమీటర్లు, తొట్టి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో మొదలవ్వాలి. అద్దం 190 × 70, అంటే నాలుగు పక్కలా 5 సెంటీమీటర్లు గోడ మీద ఆనుతుంది. మందం 19 మిల్లీమీటర్లు. బరువు 63 కిలోలు, నలుగురు పట్టాలి. టఫెన్ (వేడిచేసి గట్టిపరచడం) చేయించవద్దు. మామూలు అద్దం చీలితే నీరు కారుతూ కొంత వ్యవధి ఇస్తుంది, టఫెన్ చేసింది ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది.

అద్దాన్ని లోపలి వైపు నుంచే పెట్టాలి. అప్పుడు నీరే దాన్ని గోడకు అదుముతుంది, అతికించిన సిలికాన్ జిగురు నలుగుతుందే తప్ప ఊడిరాదు. బయటి నుంచి అతికిస్తే అదే నీరు రాత్రింబవళ్లు దాన్ని ఊడగొట్టే పనిలో ఉంటుంది. అద్దానికీ గోడకూ మధ్య 6 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు పెట్టి సందు ఉంచాలి. అంతకుముందు గోడ ముఖం మీద పొడవాటి అల్యూమినియం పట్టీని ఆనించి వెనక నుంచి టార్చి వేయాలి. 2 మిల్లీమీటర్లకు మించి వెలుతురు కనిపించిన చోట గరుకు చక్రంతో అరగదీయాలి. అద్దం ఎక్కడైనా కాంక్రీటు బొడిపెను తాకితే ఆ ఒక్క బిందువు చాలు పగలడానికి.

సిలికాన్ దగ్గరే ఎక్కువ తొట్లు చెడిపోతాయి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దానికీ అద్దానికీ బాగా పట్టుకుంటుంది కానీ, అందులోంచి వెలువడే ఆమ్లం సిమెంటుతో చర్య జరపడం వల్ల గోడకు సరిగ్గా పట్టదు. గోడకు న్యూట్రల్ రకమే వాడాలి. బాత్రూముల కోసం అమ్మే ఫంగస్ పట్టని రకాన్ని ముట్టుకోవద్దు, అందులోని మందు చేపలకు విషం. సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని పై నుంచి లోపలికి రోజుకు 2–3 మిల్లీమీటర్లే గట్టిపడుతుంది. 15 మిల్లీమీటర్ల పట్టీకి రెండు వారాలు ఆగాలి. పైన ముట్టుకుంటే ఆరిందన్న మాటకు విలువ లేదు.

అద్దం కన్నా ముందే తొట్టి లోపల ఎపాక్సీ పూత పడాలి. పచ్చి సిమెంటు నుంచి సున్నం ఊరుతూ ఉంటే పీహెచ్ 11 దాకా పోవచ్చు, ఆ నీటిలో ఏ చేపా బతకదు. మూడు వారాలు తడిపి, ఆరనిచ్చి, గోడ మీద మూరెడు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. లోపల చెమట పట్టినట్టు బొట్లు కనిపిస్తే ఇంకా తడి ఉంది. ఆ తడి మీద వేసిన ఎపాక్సీ ఆరు నెలల్లో అప్పడంలా పొంగి లేస్తుంది. తాగునీటి ట్యాంకులకు పనికొచ్చే రకం ఎపాక్సీ రెండు పూతలు వేసి, వారం ఆరబెట్టి, ఒకసారి నీళ్లు నింపి పారబోయాలి.

ఇక మేత. 5 కిలోల చేపలకు బరువులో 2 శాతం చొప్పున రోజుకు 100 గ్రాముల గుళికలు వేశామనుకుందాం. 40 శాతం మాంసకృత్తులున్న మేతైతే చేపల మొప్పల నుంచి అమ్మోనియా రూపంలో సుమారు 3.7 గ్రాముల నైట్రోజన్ బయటికొస్తుంది. 2,300 లీటర్లలో అది లీటరుకు 1.6 మిల్లీగ్రాములు, రోజుకు. వడపోత లేకపోతే మూడో రోజుకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

ఇక్కడ మన నీటి గుణం పట్టించుకోవాలి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బోరు నీళ్లు ఎక్కువచోట్ల కఠినం, క్షారం. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే విషం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు రూపం 1 శాతం లోపే. 8 అయితే 7.5 శాతం, 8.5 అయితే 20 శాతం. అంటే వేరే ఊళ్లో చెల్లిన పొరపాటు మన దగ్గర చెల్లదు. అయితే ఇదే క్షారత ఒక మేలూ చేస్తుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా గ్రాము నైట్రోజన్‌కు 7 గ్రాముల పైచిలుకు క్షారతను తినేస్తుంది. మన తొట్టిలో అది రోజుకు 26 గ్రాములు. ఆర్వో నీళ్లో వాన నీళ్లో పోస్తే ఆ నిల్వ కొద్ది రోజుల్లో అడుగంటి పీహెచ్ కూలిపోతుంది, బ్యాక్టీరియా పని మానేస్తుంది. మంచి నీళ్లని ఆర్వో నీళ్లు పోయడం చేపకు మంచి చేయదు. వారం వారం కొంత మారుస్తుంటే బోరు నీళ్లు ఆ ఇబ్బంది రానివ్వవు.

వడపోతకు 200 లీటర్ల నీలం డ్రమ్ములు నాలుగు చాలు. పాత డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో తెలియకపోతే కొనవద్దు. గంటకు 6,000 లీటర్ల నీరు తిరగాలి. తొట్టి అడుగు నుంచి 75 మిల్లీమీటర్ల పైపు తీసి, బయట నీటిమట్టం దాకా లేపి, అక్కడ గాలి రంధ్రం పెట్టి కిందికి దించాలి. పైపు ఆ ఎత్తు దాకా లేవడం వల్ల డ్రమ్ముల వైపు ఏది ఊడినా తొట్టి ఖాళీ కాదు. పక్కన పై అంచులో 63 మిల్లీమీటర్ల పైపు మరొకటి ఉండాలి. మొదటిది పూడినప్పుడు ఇల్లు తడవకుండా కాపాడేది అదే.

మొదటి రెండు డ్రమ్ములు మలినం దిగడానికి. నీరు వాటి పక్క గోడను రాసుకుంటూ ప్రవేశిస్తే గుండ్రంగా తిరిగి, చెత్త నడిమధ్య అడుక్కి చేరుతుంది, తేట నీరు పైనుంచి పోతుంది. ఒక్క డ్రమ్ముతో సరిపెడితే నీరు మరీ వేగంగా పైకి లేచి చెత్తను తనతో తీసుకుపోతుంది. అందుకే నీటిని పంచి రెండింటిలోకి వదలాలి. అడుగున 2 అంగుళాల వాల్వు పెట్టి రెండు రోజులకోసారి తిప్పితే గోధుమ రంగు బురద బుడుక్కున పడుతుంది. కూలర్ గడ్డిని వడపోతకు వాడేవాళ్లున్నారు. అది నీటిలో కుళ్లుతుంది. ప్లాస్టిక్ షేడ్ నెట్టును ముద్దగా చుట్టి మూడో డ్రమ్ము మొదట్లో పెట్టడం నయం.

మూడో డ్రమ్ములోనే బ్యాక్టీరియా కాపురం. చిన్న చక్రాల్లాంటి కె1 రకం ప్లాస్టిక్ మీడియా 50 లీటర్లు వేస్తే 25 చదరపు మీటర్ల తలం దొరుకుతుంది, 100 గ్రాముల మేతకు అది చాలు. మేత రెట్టింపు చేస్తే మీడియా కూడా రెట్టింపు చేయాలి. అడుగు నుంచి గాలి వదలాలి. కొత్తలో ఈ చక్రాలు పైన గడ్డకట్టినట్టు తేలుతూ కదలవు, పాడైందని కంగారు పడతారు. మూడు నాలుగు వారాలకు చక్రం లోపలి గదుల్లో మఖమల్లులాంటి గోధుమ పొర పడుతుంది. అప్పుడు బరువెక్కి, గాలికి మునుగుతూ తేలుతూ తిరుగుతాయి. బయటి అంచులు మాత్రం ఒకదానికొకటి రాసుకుని తెల్లగానే ఉంటాయి. ఆ గోధుమ పొరను మురికి అనుకుని నల్లా నీళ్లతో కడిగితే క్లోరిన్‌కు అంతా చచ్చి, లెక్క మొదటికొస్తుంది.

చేపలు వేయకముందే ఆ పొర పట్టాలి. కళాయి పూసేవాళ్లు వాడే నవసాగరం దీనికి పనికొస్తుంది, అది అమ్మోనియం క్లోరైడ్. శుద్ధమైనది 18 గ్రాములు వేస్తే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ అవుతుంది. రెండు మూడు రోజులకోసారి నీటిని పరీక్షించే చుక్కల కిట్టుతో చూస్తూ, తగ్గినప్పుడల్లా మళ్లీ వేయాలి. మధ్యలో, అమ్మోనియా నైట్రేటుగా మారే దారిలో వచ్చే నైట్రైట్ బాగా పెరిగి, ఆ తర్వాత పడిపోతుంది. వేసిన మోతాదు ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యేలా కరిగిపోతే తొట్టి సిద్ధం. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలున్నాక నైట్రైట్ ఎక్కితే దొడ్డుప్పు లీటరుకు ఒక గ్రాము, అంటే 2.3 కిలోలు కరిగించి పోయాలి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డు నిలుస్తుంది.

నాలుగో డ్రమ్ములో పంపు. గంటకు 10,000 లీటర్లని రాసి ఉన్న పంపు మీటరున్నర ఎత్తుకు ఎక్కిస్తే 6,000 ఇస్తుంది. కరెంటు పోగానే తొట్టి పైన 2 సెంటీమీటర్ల నీరు కిందికి దిగుతుంది, అదే 58 లీటర్లు. కాబట్టి ఈ డ్రమ్ములో ఎప్పుడూ జానెడుకు పైనే ఖాళీ ఉండాలి. తొట్టిలోకి పోయే పైపుకు నీటిమట్టం కిందుగా 5 మిల్లీమీటర్ల రంధ్రం చేయకపోతే పైపు వెనక్కి లాగి ఇంకా ఎక్కువ దించేస్తుంది. ఆవిరయ్యే నీరంతా తొట్టిలో కనిపించదు, ఈ డ్రమ్ములోనే తగ్గుతుంది. మే నెలలో రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైతే 29 లీటర్లు, డ్రమ్ములో 11 సెంటీమీటర్లు. మూడు నాలుగు రోజులు పెళ్లికి పోయొస్తే పంపు పొడిగా తిరిగి కాలిపోతుంది. ఫ్లోట్ వాల్వు పెట్టుకోవాలి. వైరింగుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి.

కరెంటు కోతల సంగతి. 32 డిగ్రీల నీటిలో లీటరుకు ఆక్సిజన్ 7 మిల్లీగ్రాములకు కొంచెం పైన మాత్రమే కరుగుతుంది. చేపలు, బ్యాక్టీరియా కలిసి వాడుకుంటే అది ప్రమాదపు అంచుకు చేరడానికి మూడు గంటలు చాలు. పంపు ఆగినా పర్వాలేదు, గాలి ఆగకూడదు. 12 వోల్టుల గాలి పంపును ఇన్వర్టర్ బ్యాటరీకి కలిపితే రాత్రంతా నడుస్తుంది. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే దానికి నీటికీ మూతకూ మధ్య ఖాళీ కావాలి, మూత మీద బరువూ కావాలి. రాష్ట్ర చేప అయినంత మాత్రాన బుద్ధిగా తొట్టిలో ఉండదు, అడుగెత్తు అవలీలగా ఎగురుతుంది.

రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద నీరు 34 దాటితే చిల్లర్ అక్కర్లేదు, నీటి మీదుగా టేబుల్ ఫ్యాను పెట్టండి. రంజన్‌లో నీళ్లు చల్లబడే సూత్రమే. 4 లీటర్లు ఆవిరైతే ఈ 2,300 లీటర్లు ఒక డిగ్రీ చల్లబడతాయి. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక ఫ్యాను వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

అడుగున వేసే రాళ్ల మీద నిమ్మరసం పిండి చూడాలి. వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు సున్నపురాయి, తాండూరు బండ నురగలు కక్కుతాయి, మన గ్రానైటు కక్కదు. మన నీటికి ఇంకా సున్నం కలపాల్సిన పని లేదు.

చివరికి మిగిలేది నైట్రేటు. వారానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుంది, దాన్ని తీసేది నీళ్లు మార్చడమే. వారానికి 700 నుంచి 800 లీటర్లు మార్చాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లైతే క్లోరిన్ పోయేలా డ్రమ్ములో పట్టి ఒక రోజు గాలి వదిలి పోయాలి. తీసిన నీళ్లను మోరీలోకి వదలకుండా బత్తాయి చెట్లకు పెట్టవచ్చు, నైట్రేటు వాటికి ఎరువు. దొడ్డుప్పు వేశాక మాత్రం కొన్ని వారాలు ఆ నీళ్లు పెట్టకూడదు, బత్తాయి ఉప్పుకు తట్టుకోదు, ఆకుల అంచులు మాడతాయి.