దొంగ దాక్కున్నాడా, లేదా: పాచిక చేతులు మారిన కథ

హనుమకొండ నక్కలగుట్టలో ఒక డాబా మీద ప్రతి ఆదివారం సాయంత్రం సాగే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పోయిన వారం సగంలో ఆగిపోయింది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టి, పాచికలు వేస్తూ, మాటలతో కథ నడిపే ఆట ఇది. కాపలావాడి మొలకున్న తాళాల గుత్తిని దొంగ కొట్టేశాడా, కొట్టేయబోతూ దొరికిపోయాడా అన్నది తేలలేదు. మిర్చి బజ్జీలు చల్లారిపోయాయి, మాటలు మాత్రం వేడెక్కాయి.

కథలోని కోట ఖిలా వరంగల్‌ను చూసి గీసుకున్నదే. నడుమ రాతి తోరణం, చుట్టూ విరిగి పడిన స్తంభాలు, తోరణం కింద కాగడాతో ఒక కాపలావాడు. మూడో స్థాయి దొంగ ఒక స్తంభం వెనక నక్కాడు. ఇరవై ముఖాల పాచిక మీద 14 పడింది, నైపుణ్యానికి 7 కలిపితే 21. దాక్కోవడానికి కావలసింది 15. ఇంతవరకు పేచీ లేదు. ఆ తర్వాత దొంగ స్తంభం వదిలి బయటికి వచ్చాడు. కాగడా వెలుగులో 30 అడుగులు తిన్నగా నడిచి, కాపలావాడి ఎదుట నిలబడి గుత్తి మీద చెయ్యి వేశాడు.

“చూసేశాడు” అన్నాడు గేమ్ మాస్టర్, అంటే కథ నడిపిస్తూ తీర్పు చెప్పే మనిషి. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే ఆయన మాటకు ఆ బల్ల దగ్గర మామూలుగా ఎదురుండదు. దొంగ పాత్ర ఆడుతున్న ఇంజనీరింగ్ విద్యార్థి ఫోనులో 2024 నాటి కొత్త నియమాలు తీసి ముందు పెట్టాడు. “అన్నా, బయటపడటానికి ఇందులో నాలుగే కారణాలు రాశారు. నేను వాటిలో ఒక్కటీ చేయలేదు.”

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చువేయించిన సంగతి, మరుసటి ఏడాదే దొంగ పాత్ర వచ్చి చేరిన సంగతి ఆడేవాళ్లందరికీ తెలుసు. దొంగ పని ఫలించే అవకాశాన్ని స్థాయిలవారీగా చెప్పే శాతాల పట్టిక సంగతీ తెలుసు. 1978 నాటి పుస్తకంలో మొదటి స్థాయి దొంగకు నీడలో దాక్కునే అవకాశం 10 శాతం. పదిసార్లలో తొమ్మిదిసార్లు దొరికిపోయేవాడిని దొంగ అని ఎందుకన్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దాన్నలా ఉంచితే, నక్కలగుట్ట తగాదాకు పనికొచ్చే ఏడాది 1989.

ఆ ఏడాది వచ్చిన ఆట నియమాల రెండో కూర్పులో దాక్కోవడానికి రెండు షరతులు పెట్టారు. మొదటిది మన దాగుడుమూతల షరతే: ఎక్కడి దొంగలు అక్కడే ఉండాలి. దొంగ దాదాపు కదలకుండా ఉన్నంతసేపే దాక్కున్నట్టు లెక్క. మెల్లగా కత్తి దూసుకోవచ్చు, సీసా బిరడా తీసుకోవచ్చు, అంతే. కాపలావాడు చూస్తూ ఉండగా పాచిక మీద ఎంత పడినా దాక్కోవడం కుదరదని కూడా అందులోనే ఉంది. కాపలావాడు అనే మాటతో సహా.

రెండో షరతును ఈమధ్య ఎవరూ తలుచుకోవడం లేదు గానీ, అసలు కీలకం అక్కడే ఉందని నా నమ్మకం. పాచిక వేయవలసింది గేమ్ మాస్టర్. వేసి, ఎంత పడిందో తన దగ్గరే ఉంచుకోవాలి. దొంగ మాత్రం ప్రతిసారీ తాను చక్కగా దాక్కున్నాననే అనుకుంటాడు. అలా ఆడినవాళ్లకు ఆ క్షణం గుర్తుండే ఉంటుంది. గేమ్ మాస్టర్ తన ముందు అడ్డుగా నిలబెట్టుకున్న అట్ట వెనక పాచికలు దొర్లిన చప్పుడు వినిపిస్తుంది. ఆయన ముఖంలో ఏమీ కనిపించదు. “సరే, దాక్కున్నావు. ఇప్పుడేం చేస్తావు?” అంటాడు. ఆ ‘సరే’ ఎలాంటిదో తెలియక ఆటగాడు స్తంభాన్ని కరచుకుని ఉండిపోతాడు. అలాంటప్పుడు వెలుగులోకి నడిచి వెళ్లమని వాడికి ఎవరు చెప్పినా వెళ్లడు.

2000లో మూడో కూర్పు వచ్చింది. దొంగ పేరును రోగ్ అని మార్చారు, శాతాల పట్టిక పోయింది, దాక్కోవడం ఎవరైనా నేర్చుకోగల నైపుణ్యమైంది. దాక్కునేవాడి పాచికకు ఎదురుగా చూసేవాడి పాచిక వచ్చింది. ఎవరి మొత్తం ఎక్కువైతే వారిది గెలుపు. సగం వేగంతో నడిచినంతవరకు కోత లేదు. అంతకన్నా వేగంగా వెళితే 5 తగ్గించుకోవాలి, పరుగెత్తితే 20. దాక్కోవడానికి నడక వచ్చింది. ఎవరైనా చూస్తుండగా దాక్కోలేవన్న నిబంధన అప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ పాచిక అట్ట వెనకనుంచి బల్ల మీదికి, ఆటగాడి చేతిలోకి వచ్చేసింది. పడిన అంకె అందరికీ కనిపిస్తోంది. అప్పటిదాకా తాను దాక్కున్నానో లేదో తెలియని దొంగకు ఆనాటినుంచి దాపు సొంత ఆస్తి అయింది. 21 తెచ్చుకున్నవాడు ఆ 21ని జేబులో వేసుకుని నడుస్తాడు. మొన్నటి ఆదివారం జరిగింది ఇదే.

నాలుగో కూర్పు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2008 జూన్‌లో పుస్తకం, జూలైలో దాక్కునే నియమానికి సవరణ, మరుసటి ఏడాది మరో పుస్తకంలో దాని పునర్ముద్రణ. నెల తిరక్కుండానే మళ్లీ రాయవలసి వచ్చింది.

2014 నాటి అయిదో కూర్పులో నియమం వదులుగా ఉండేది. నిన్ను చూడగలిగినవాడి నుంచి దాక్కోలేవు అన్నారు. తర్వాత దానికి ‘స్పష్టంగా’ చూడగలిగినవాడి నుంచి అని సవరణ చేర్చి, ఎప్పుడు దాక్కోవచ్చో గేమ్ మాస్టర్ నిర్ణయిస్తాడన్నారు. పోరాట సమయంలో దాపు విడిచి ఎదుటివాడి దగ్గరికి వెళితే అతడు సాధారణంగా నిన్ను చూస్తాడని, అతడి ధ్యాస వేరే వైపు ఉంటే గేమ్ మాస్టర్ వెసులుబాటు ఇవ్వవచ్చని ఒక మాట ఉండేది. నక్కలగుట్టలో మొన్నమొన్నటిదాకా ఆడింది ఈ పుస్తకంతోనే. పదేళ్లపాటు ఎన్ని బల్లల దగ్గర ఎన్ని తగాదాలు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయో లెక్కలేదు.

2024 పుస్తకంలో దాక్కునే నియమం పక్కన ఆ మాట లేదు. దాని స్థానంలో లెక్క వచ్చింది. చిక్కటి చీకటిలోనో, ముప్పాతిక వంతైనా కప్పే అడ్డు వెనకనో, శత్రువుల చూపు పడనిచోట ఉండి 15 తెచ్చుకుంటే ‘అదృశ్యం’ అనే స్థితి దక్కుతుంది. మంత్రంతో మాయమైనవాడికి, స్తంభం వెనక గొంతుక్కూర్చున్నవాడికి ఒకే స్థితి. అది పోయేది నాలుగు సందర్భాల్లో: గుసగుసను మించి చప్పుడు చేస్తే, దాడికి పాచిక వేస్తే, నోటితో పలికే మంత్రం వేస్తే, శత్రువు నిన్ను కనిపెడితే. ఈ నియమాలు ఉచితంగా దొరుకుతున్నాయి కనుక పుస్తకం కొనని కుర్రాళ్ల ఫోన్లలోనూ ఉన్నాయి. పాత గొడవ మళ్లీ రాజుకోవడానికి సగం కారణం అదే.

విద్యార్థి వాదన చిన్నది. కనిపెట్టడానికి కాపలావాడు వెతకాలి, వెతకలేదు. ఊరికే నిలబడ్డవాడి గ్రహణశక్తి 12, తనది 21. గుత్తి తీయడం దాడి కిందికి రాదు. అక్షరాలు పట్టుకుని చూస్తే అతడిది తప్పని చెప్పడం కష్టమే.

గేమ్ మాస్టర్ చెప్పేది కాస్త నిదానంగా వినాలి. కనిపెట్టడం అంటే పాచిక వేసి వెతకడం ఒక్కటే అని నియమంలో ఎక్కడుందని ఆయన ప్రశ్న. ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే వెతికేదేముంటుంది? అదృశ్య స్థితి వివరణలోనే, ఎదుటివాడు ఏదో విధంగా నిన్ను చూడగలిగితే ఆ రక్షణ పనిచేయదని ఉంది. కళ్లు తెరిచి ఉండటం కూడా ఆ ‘ఏదో విధం’లోకి వస్తుందని ఆయన అంటారు. ఎప్పుడు దాక్కోవచ్చో గేమ్ మాస్టరే నిర్ణయిస్తాడన్న మాటను కొత్త పుస్తకమూ ఉంచింది. అంకె పెద్దదైతే కాగడా వెలుగు ఆరిపోతుందా అని అడిగారు. అప్పుడు ఎవరూ జవాబివ్వలేదు. విద్యార్థి ఫోనులో కిందికి జరుపుతూ ఉండిపోయాడు.

ఆయన మరో మాట కూడా అన్నారు, దాని మీదే ఈ కథనం ఆధారపడింది. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్; 2019లో వచ్చిన దాని రెండో కూర్పు దాక్కున్నవాడి స్థితిని పలు మెట్లుగా విడగొట్టింది: కళ్లెదుట ఉన్నవాడు, చోటు తెలిసినా కనిపించనివాడు, చోటు కూడా తెలియనివాడు, ఉన్నాడనే ఎరుక సైతం లేనివాడు. దాక్కునే పాచికను గేమ్ మాస్టరే రహస్యంగా వేయాలని కూడా అందులో రాశారు. 1989 నాటి అట్ట మరో ఆటలో మళ్లీ నిలబడింది.

వచ్చే ఆదివారం నక్కలగుట్టలోనూ అట్ట నిలబెడతానని గేమ్ మాస్టర్ కబురు పెట్టారు. ఆయన దగ్గరున్నది పెళ్లిపత్రికల అట్టపెట్టె కోసి చేసింది, ఒక వైపు ఇంకా గణపతి బొమ్మ ఉంది. విద్యార్థి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద: మొన్న పడిన 21 మొన్నటి నియమాలతోనే చెల్లాలి. దానికి ఇంకా జవాబు రాలేదు. తాళాల గుత్తి ప్రస్తుతానికి ఇద్దరి చేతిలోనూ లేదు.