ఆవకాయ జాడీ, లుకేమియా మాత్ర

పాపకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. వైద్యానికి సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైల్లో చెన్నై అడయార్ వచ్చిపోయే ఆ తండ్రి మొన్న నన్నడిగాడు: "బోన్ మారో రిపోర్టు నార్మలని రాశారు సార్, మళ్ళీ రెండేళ్ళు మాత్రలేంది?" జేబులో ఆ మాత్రల అట్ట, పేరు మెర్కాప్టోప్యూరిన్, పాప డోసుకి సరిపడా విరిచి కాగితంలో మడిచిన సగం మాత్ర.

ఆవకాయ జాడీ కడిగారా ఎప్పుడైనా? ఒక్కో కడుగుడుకి 'ఇన్ని చుక్కలు' అని నూనె పోదు. ఉన్నదాంట్లో ఇన్నో వంతు పోతుంది. మందు కూడా అంతే. 1960లలో అమెరికాలో స్కిప్పర్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద తేల్చిన సంగతి ఇది: ఒక డోసు చంపేది ఇన్ని కణాలని కాదు, ఇంత శాతమని. జబ్బు బయటపడేనాటికి పిల్లల ఒంట్లో లుకేమియా కణాలు సుమారు లక్ష కోట్లు. నూటికి తొంభైతొమ్మిది చచ్చాయనుకోండి, ఇంకా వెయ్యి కోట్లున్నాయి! మైక్రోస్కోపుకి మాత్రం జాడీ తళతళా మెరుస్తుంది, అదే 'నార్మల్'. మళ్ళీ కడిగితే పది కోట్లు, పది లక్షలు, పదివేలు, వంద, ఒకటి. పైగా కడుగుడుకీ కడుగుడుకీ మధ్య అవి పెరుగుతుంటాయి. అందుకే అన్నాళ్ళ మాత్రలు. మా లెక్కల మేస్టారు లాగరిథమ్ పట్టికలు బట్టీ పట్టించారు గానీ, ఈ ఒక్క ముక్క చెప్పుంటే జన్మలో మర్చిపోయేవాణ్ణి కాదు.

కంటికి కనపడకపోయినా జాడీలో ముక్కు పెడితే వాసనొస్తుందిగా, ఆ ముక్కే ఎమ్మార్డీ, అంటే మిగిలిపోయిన కాసిని లుకేమియా కణాల్ని వెతికే పరీక్ష. పదివేల కణాల్లో ఒక్కటున్నా పట్టేస్తుంది. ఇక ఒకే సబ్బుకి లొంగని జిడ్డు ఉంటుంది కాబట్టి మందులు నాలుగైదు రకాలు. గుడ్డ అందని జాడీ మెడ లాంటిది మెదడు. రక్తంలో తిరిగే మందు అక్కడికి సరిగా చేరదు. అందుకే వెన్నులోకి సూది. అమెరికాలో 1962లో మొదలైన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ పింకెల్ ఆ మెడ కూడా తోమించాకే, 1970ల మొదట్లో సగం మంది పిల్లలు నిలిచారు. ఇవాళ ధనిక దేశాల్లో నూటికి తొంభై మంది. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ గడ్డ దగ్గర మాత్రం ఇన్ని దశాబ్దాల్లోనూ దాదాపు ఏమీ మారలేదు. అన్ని క్యాన్సర్లూ కలిపి చెప్పే సగటు అంకెల మీద నాకు అందుకే చిరాకు.

పాపకి దిష్టి తీయించమంటున్నారట బంధువులు. తీయించుకోమన్నాను, ఎండుమిరపకాయలు నాలుగు పోతాయి అంతే. ఆకుపసరు తాగించి మాత్ర ఆపమన్న పెద్దమనిషి మీదే నాకు కోపం.

మొట్టమొదటి కడుగుడు మనవాడి చలవే. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో చేసిన అమినాప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. 1948లో అచ్చయిన లెక్క: పదహారు మందిలో పదిమందికి గుణం కనపడింది, కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఒక్క సబ్బు, ఒక్క తోముడు మరి. సుబ్బారావు ఆ ఏడాదే పోయారు.

ఆ తండ్రి దగ్గరున్న క్యాలెండర్‌లో ప్రతి గురువారానికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. వారానికోసారి వేసే పసుపుపచ్చ మాత్ర, మెథోట్రెక్సేట్. అమినాప్టెరిన్‌కి తోబుట్టువు, పుట్టిందీ ఆ ల్యాబులోనే. ఎన్ని సున్నాలు మిగిలాయని అడిగితే లెక్కపెట్టి చెప్పాడు: "అరవైయొకటి సార్."