ఏ పేపరు ఎవరిది: హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఎలా పుట్టింది

ఏదైనా రాజకీయ వార్త చెప్పగానే హైదరాబాద్‌లో ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "ఏ పేపర్లో వచ్చింది?" అని. నిజమేనా అన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

పక్షం ఉండటం కొత్త కాదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల పక్షాన నిలబడింది. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. వాళ్లు అధికారాన్ని ఎదిరించి రాశారు. తర్వాతి కథ వేరు.

1982 మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. 'ఈనాడు' బాహాటంగా అండగా నిలిచింది. 1983 జనవరిలో ప్రభుత్వమే మారింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించినప్పుడు ఆయన వెంటే ఉన్న పత్రిక, 1995 ఆగస్టులో చంద్రబాబు ఆయనపై తిరగబడ్డప్పుడు మాత్రం చంద్రబాబు వైపు నిలిచింది. అప్పుడు వైస్రాయ్ హోటల్లో చంద్రబాబు వెంట ఎంతమంది ఎమ్మెల్యేలున్నారన్నదే పెద్ద వార్త. పత్రికలు ఆ సంఖ్య పెంచి రాశాయని, అది చూసే చాలామంది అటు వెళ్లారని ఆరోపణ ఇప్పటికీ ఉంది. అలాంటి వార్తలో నేను ముందు చూసేది ఆ లెక్క ఎవరు చెప్పారన్నది. పేరు లేని 'విశ్వసనీయ వర్గాలు' ఇచ్చిన సంఖ్య, ఆ పత్రిక మెచ్చే నాయకుడికే లాభం చేస్తుంటే దాన్ని నమ్మను. తన పార్టీకి నష్టం చేసే వార్తను అదే పత్రిక వేస్తే మాత్రం దానికి విలువెక్కువ.

వైఎస్ 'ఆ రెండు పత్రికలు' అని ఈనాడు, ఆంధ్రజ్యోతులను పదే పదే తిట్టేవారు. 2008 మార్చిలో ఆయన కొడుకు జగన్ 'సాక్షి' తెచ్చారు. 2011లో ఉద్యమ గొంతుగా వచ్చిన 'నమస్తే తెలంగాణ', 2014 తర్వాత పాలకపక్షం పత్రికైంది. ఆ ఏడాది జూన్‌లోనే తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేశారు.

రెండు వైపుల పేపర్లూ చదివి సగం సగం నమ్మితే చాలంటారు చాలామంది. నేను ఒప్పుకోను. జీవో వచ్చిందా లేదా, కోర్టు ఏం చెప్పింది అన్న విషయాల్లో సగం నిజం ఉండదు. ఆ కాగితమే తెప్పించుకుని చదవాలి. పైగా రెండు వైపులా డబ్బు తీసుకుని వేసిన వార్తలుంటే సగాలు కలిపి ఏం లాభం?

2009 ఎన్నికల్లో సరిగ్గా ఆ ఫిర్యాదులే వచ్చాయి. పెయిడ్ న్యూస్‌పై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల కమిటీలో మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్‌రెడ్డి ఒకరు. వాళ్లు పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, 2010లో కౌన్సిల్ పేర్లు తీసేసి చిన్న నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం బయటపెట్టమని 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.