మోటర్‌వే మీద నిద్రొస్తే: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో డ్రైవింగ్ నేర్పడం నా వృత్తి. టెస్ట్ పాసయ్యాక మోటర్‌వే, అంటే వేగంగా వెళ్లే పెద్ద హైవే మీద నడపడం నేర్చుకునే క్లాసుకు వచ్చే మనవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: "నిద్రొస్తే అద్దం దించి, పాటలు గట్టిగా పెట్టుకుంటే చాలు కదండీ?"

చాలదు. చల్లగాలి, రేడియో ఏపాటి పనిచేస్తాయో లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్లు 1990లలోనే పరీక్షించి చూశారు. కాస్త తేరుకున్నట్టు అనిపించినా అది కాసేపే, మత్తు వదలదు. గంటకు 70 మైళ్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప పడితే కారు 120 మీటర్లు దాటిపోతుంది.

నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చాడు ఒకబ్బాయి. ఆ సంగతి నాకు చెప్పలేదు. బాగానే నడుపుతున్నాడు. ఉన్నట్టుండి అద్దాలు చూడటం మానేశాడు. కారు మెల్లగా ఎడమకు జరిగి, అంచు గీత మీద చక్రాలు గరగరమన్నాయి. నేను స్టీరింగ్ పట్టుకుని సరిచేస్తే, "నేను నిద్రపోలేదు సార్" అన్నాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగానే తెలియలేదు. అందుకే ఈ మాట ఇంతగా చెబుతున్నాను: మీరు కునికిన సంగతి మీకు తెలియదు.

తర్వాత వచ్చిన సర్వీసెస్‌లో, అంటే మోటర్‌వే పక్కన పార్కింగ్, టాయిలెట్లు, పెట్రోలు ఉండే విరామ స్థలంలో, ఆపించాను. అక్కడా భయమే: "కార్లో పడుకుంటే ఫైన్ వేస్తారట కదా సార్?" ఈ వాట్సాప్ కబుర్లు ఎవరు పుట్టిస్తారో గానీ, విని బెదిరిపోయి ఆగకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇంగ్లండ్ సర్వీసెస్‌లో రెండు గంటల వరకు పార్కింగ్ ఉచితం. ఆపై కెమెరా నంబర్ ప్లేటు చూసి చార్జీ వేస్తుంది. ఇంకా పడుకోవాలంటే డబ్బు కట్టి పడుకోండి, తప్పేం లేదు. మందు తాగి కార్లో పడుకుంటే మాత్రం కేసు కావచ్చు, అది వేరే సంగతి.

ఎలా ఆగాలో బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ 91వ నిబంధనలోనే ఉంది. రెండు గంటలకోసారి కనీసం 15 నిమిషాల విరామం. నిద్రమత్తు ఉంటే రెండు కప్పుల కాఫీ, కనీసం 15 నిమిషాల కునుకు. కాఫీ ముందు తాగండి. ఒంటికి పట్టడానికి దానికి కొంత టైమ్ కావాలి, ఆలోపు సీటు వాల్చి, అలారం పెట్టుకుని కళ్లు మూసుకోండి. హార్డ్ షోల్డర్ (రోడ్డు అంచున అత్యవసరానికి వదిలిన పట్టీ) మీద, ఎమర్జెన్సీ ఏరియా (అత్యవసరంగా ఆపుకునే చోటు)లో మాత్రం విశ్రాంతికి ఆగకూడదు.

మిగతావి చిన్నవే. ఏమీ కొనకపోయినా టాయిలెట్ వాడుకోవచ్చు, 24 గంటలూ ఉచితం. పెట్రోలు ధర ఎక్కువన్నది నిజమే, ముందే పోయించుకోండి. దారి తప్పి సర్వీసెస్ దాటిపోయారా, రివర్స్ చేయొద్దు. తర్వాతిది ఎంత దూరమో నీలం బోర్డు మీద ఉంటుంది. అంతవరకు ఓపిక పట్టలేనంత నిద్రొస్తుంటే ముందు వచ్చే జంక్షన్‌లోనే మోటర్‌వే దిగి, ఎక్కడైనా క్షేమంగా ఆపుకోండి.